గర్భసంచిలో ఒకటి, ట్యూబులో ఒకటి

ప్రశ్న: డాక్టర్ గారూ, ఐవీఎఫ్ ఫ్రెష్ సైకిల్‌లో (పిండాలను ఫ్రీజ్ చేయకుండా) నాకు రెండు పిండాలు పెట్టారు. బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్) బాగా పెరిగింది. ఆరో వారం స్కాన్‌లో గర్భసంచిలో గుండె కొట్టుకోవడం చూపించారు. ఏడో వారం కుడి పొత్తికడుపులో విపరీతమైన నొప్పి. ట్యూబులో (అండవాహికలో) ఇంకో గర్భం ఉందని ల్యాపరోస్కోపీ చేసి ట్యూబు తీసేశారు. ఇప్పుడు తొమ్మిదో వారం, లోపలి బిడ్డ బాగుంది. ముందే ఎందుకు తెలియలేదు? ఇంజెక్షన్‌తో పోయేదానికి ఆపరేషన్ ఎందుకని మా అత్తయ్య బాధపడుతున్నారు. - ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండు గర్భాల నుంచీ వచ్చే హెచ్‌సీజీ రక్తంలో కలిసిపోతుంది. గర్భసంచిలోది చక్కగా పెరుగుతుంటే అంకె కూడా చక్కగానే ఉంటుంది. అందుకే ఇక్కడ బీటాను నమ్మలేం, టీవీఎస్ (యోనిలోంచి చేసే) స్కానే దిక్కు.

ఆ స్కాన్‌లోనూ తప్పిపోతుంది. గర్భసంచిలో గుండె కనపడగానే అందరికీ ఊపిరి తిరిగి, పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. పైగా ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు అండాశయాలు ఉబ్బి తిత్తులతో నిండి ఉంటాయి. పక్కనున్న చిన్న ట్యూబు గర్భం అచ్చం కార్పస్ లూటియంలాగే (అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే తిత్తి) కనిపిస్తుంది. డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్) రెండింటి చుట్టూ రంగు వలయం రావచ్చు కాబట్టి రంగు చూసి తేల్చకూడదు. ప్రోబ్‌తో (స్కాన్ పరికరంతో) మెల్లగా నొక్కాలి: అండాశయంతోపాటు కదిలితే కార్పస్ లూటియం, దాన్ని వదిలి విడిగా జారితే ట్యూబుదని అనుమానించాలి. గర్భసంచి వెనక చేరిన నీరు మసకగా ఉంటే అది రక్తం కావచ్చు. సహజ గర్భాల్లో ఇలా లోపల ఒకటి, ట్యూబులో ఒకటి రావడం సుమారు 30,000కు ఒకటి అంటారు. ఐవీఎఫ్‌లో అంతకంటే చాలా ఎక్కువ. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు మొదటి స్కాన్ రిపోర్టులో రెండు పక్కలా చూసినట్టు రాశారో లేదో తప్పకుండా చూసుకోండి.

ఇంజెక్షన్ అంటే మెథోట్రెక్సేట్. అది ఫోలేట్ అనే విటమిన్‌ను అడ్డుకుని, పెరుగుతున్న కణాలను దెబ్బతీస్తుంది. లోపలి బిడ్డను కూడా వదలదు. మీ అత్తయ్యగారికి ఈ ఒక్క మాట చెప్పండి. ట్యూబు ఉంచి పిండాన్ని మాత్రమే తీయొచ్చు కదా అంటే, ముక్క మిగిలిపోయిందేమో తెలుసుకోవడానికి బీటా పనికిరాదు, లోపలి గర్భం దాన్ని పెంచుతూనే ఉంటుంది. ట్యూబు తీసేయడమే సరైన నిర్ణయం. ఇలాంటి ఆపరేషన్‌లో గర్భసంచిలోకి ఏ పరికరమూ పెట్టరు, కడుపులోకి నింపే గ్యాస్ ఒత్తిడి కూడా తగ్గించి ఉంచుతారు. ప్రొజెస్టెరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్ మందు) డాక్టర్ చెప్పేదాకా మానకండి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డీ ఇంజెక్షన్ ఇచ్చారా అని అడగండి. 72 గంటల్లోపు ఇవ్వాల్సింది అది. గర్భసంచిని కోయలేదు కాబట్టి ఈ కారణంగా సిజేరియన్ అక్కర్లేదు.

ప్రశ్న: మా చెల్లికి ఐవీఎఫ్ అయింది. ఇలాంటిది వస్తే ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి? - ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: బ్లీడింగ్ కోసం ఎదురుచూడొద్దు. లోపలి గర్భం నిలిచే ఉంటుంది కాబట్టి చుక్క కూడా కనపడకపోవచ్చు. ఒక పక్క నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరగడం, విరేచనానికి వెళ్లాలనిపించడం: వీటిని గ్యాస్ అనుకుని మాత్ర వేయకండి. భుజం నొప్పి ఎందుకంటే, కడుపులో చేరిన రక్తం డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింది కండరపు పొరను) తాకుతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, రాత్రి పూట కూడా ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంక్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు, దారిలో మంచినీళ్లు కూడా పట్టకండి. స్కాన్ ఫైలు, బ్లడ్ గ్రూపు కాగితం వెంట ఉంచుకోండి. ఐవీఎఫ్‌లో ఎన్ని పిండాలు పెట్టారో క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే చెప్పండి. అది వినగానే డాక్టర్ ట్యూబుల వైపు చూస్తారు.