జెర్సీ నంబరు తప్పు పడితే అవుటేనా?

ప్రశ్న: సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో మా అమ్మాయి చొక్కా మీద 16 ఉంది, లైనప్ కాగితంలో 19 అని పడింది. హిట్ కొట్టి బేస్ చేరాక అవతలి కోచ్ అవుటివ్వమని పట్టుబట్టారు. ఇది సబబేనా? – ఒక తల్లి, మధురవాడ

జవాబు: కాదండీ. బ్యాటింగ్ వరసలో చూసేది పేరు. పేరు లైనప్‌లో ఉండి, తన వంతులోనే వచ్చి ఉంటే నంబరు దిద్దుకుని ఆట సాగిస్తారు, హిట్ నిలుస్తుంది. పోటీ నిర్వాహకులు సొంత నిబంధన ఏదైనా పెట్టారేమో ముందే అడగండి.

అసలు చిక్కు టేపుతో అంటించిన నంబర్లతోనే. విశాఖ ఉక్కపోతకి చొక్కా తడిసి టేపు అంచు లేస్తుంది, 8 కాస్తా 3 అయి కూర్చుంటుంది. కుట్టించండి, లేదా అచ్చు పెట్టి రంగు వేయించండి. వీపు మీద కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు, చొక్కాకు ఎదురు రంగు ఉండాలి. ఒకే జట్టులో 3, 03 రెండూ కుదరవు, ఒకే నంబరు కింద లెక్క. ఇద్దరు హారికలుంటే షీట్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పొడి అక్షరాలు చాలవు.

ప్రశ్న: నాలుగో అమ్మాయి రావాల్సిన చోట ఐదో అమ్మాయి వచ్చేసింది. స్కోరర్‌గా నేను చెప్పాలా? – పీఈటీ, గాజువాక

జవాబు: నోరు విప్పకండి. అప్పీల్ చేయాల్సింది ఫీల్డింగ్ జట్టు. అది ఎప్పుడు చేసిందన్నదే కీలకం.

ఐదో అమ్మాయి ఇంకా బ్యాటింగ్‌లో ఉండగా పట్టుకుంటే నాలుగో అమ్మాయి వచ్చి అదే కౌంట్‌తో, అంటే అప్పటికి పడిన బాల్స్, స్ట్రైక్‌ల లెక్కతోనే, ఆడుతుంది. ఈలోగా పడిన పరుగులు చెల్లుతాయి. ఐదో అమ్మాయి హిట్ కొట్టి, మూడో బేస్ మీది రన్నర్ హోమ్ ప్లేట్ చేరి పరుగు తీశాక, తర్వాతి బంతి వేయకముందే అడిగితే అవుటయ్యేది నాలుగో అమ్మాయి. పరుగు రద్దు, రన్నర్ తిరిగి మూడో బేస్‌కి. తర్వాత బ్యాటింగ్‌కి మళ్లీ ఐదో అమ్మాయే! చాలామంది ఇక్కడే ఆరో అమ్మాయిని పిలిచి ఇంకో తప్పు చేస్తారు. షీట్‌లో నాలుగో గడిలో అవుట్ వేసి, పుటౌట్, అంటే అవుట్ చేసిన ఖాతా, క్యాచర్‌కి రాయండి (షీట్‌లో క్యాచర్ స్థానం సంఖ్య 2). ఐదో గడిలో హిట్ చెరిపేయండి. అందుకే పెన్ను వద్దు, పెన్సిలే మేలు.

తర్వాతి బ్యాటర్‌కి ఒక్క బంతి పడిందా, అంతా చెల్లిపోయినట్టే. నాలుగో గడి ఖాళీ, వంతు ఆరో అమ్మాయిది.

ప్రశ్న: మ్యాచ్ అయ్యాక ఇద్దరు స్కోరర్ల పరుగులు కలవడం లేదు. సరిచూసే దారి ఉందా? – పెందుర్తి

జవాబు: ఉంది. ఒక జట్టుకి పరుగులు, బేస్‌ల మీద మిగిలినవారు, అవుట్లు కూడితే బ్యాటింగ్ వంతుల సంఖ్య రావాలి. 7 ఇన్నింగ్స్‌లో 21 అవుట్లు, 5 పరుగులు, 6 మిగిలినవారు అయితే 32. తొమ్మిది మంది వరసలో 32వ వంతు ఐదో స్థానానిది, షీట్‌లో చివరి గడి అక్కడే ఉండాలి. బ్యాటింగ్ సగంలో ఉండగా రన్నర్ మూడో అవుటైతే ఆ వంతు లెక్కించవద్దు. టై పడి రెండో బేస్ మీద రన్నర్‌ని నిలబెట్టి ఆడితే, అలాంటి ప్రతి ఇన్నింగ్స్‌కి వంతుల సంఖ్యకు ఒకటి కలపండి. ఆ రన్నర్ బ్యాట్ పట్టకుండానే బేస్ ఎక్కిందిగా మరి.