బంకులో దొరికే బీఎస్-6 (భారత్ స్టేజ్-6 అనే కాలుష్య ప్రమాణం) డీజిల్ పాత ట్రాక్టర్‌కి, పొక్లెయిన్‌కి పోస్తే ఇంజన్ పాడవుతుందా?

పాడవదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బంకుల్లో అమ్మేది బీఎస్-6 డీజిలే, పొలానికీ క్వారీకీ అదే వాడాలి.

మారింది ప్రధానంగా గంధకం. బీఎస్-4లో పది లక్షల భాగాలకు 50 వరకూ ఉండేది, ఇప్పుడు 10 దాటకూడదు. గంధకం ఎక్కువైతే పొగ శుద్ధి చేసే క్యాటలిస్టు చచ్చుబడుతుంది. ఇంజన్ వదిలే పొగకు పెట్టిన నిబంధనలు మాత్రం బండిని బట్టి వేరు: నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి స్టేజ్-4 అనేవి, 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనేవి. ఇవి కొత్తగా తయారయ్యే ఇంజన్లకే. పాతదాన్ని మార్చుకోమని వాటిలో లేదు.

తాడిపత్రి దగ్గర ఒక క్వారీలో 2018 నాటి పొక్లెయిన్, 2022 నాటిది పక్కపక్కనే ఉన్నాయనుకోండి. రెండింటికీ ఒకే డ్రమ్ము డీజిల్ పోయొచ్చు. కొత్తదానికి ఎస్సీఆర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే అమరిక) ఉంటే డెఫ్ అనే ద్రవం కూడా కావాలి, వేరే ట్యాంకులో. అది 32.5 శాతం యూరియా ఉన్న శుద్ధ ద్రావణం. ఎరువుల అంగడి యూరియా నీళ్లలో కలిపి పోయొద్దు, దయచేసి! అందులోని మలినాలు ఇంజెక్టరులో గట్టిపడతాయి, క్యాటలిస్టు పోతుంది, ఖర్చు మామూలుగా ఉండదు.

గంధకం తగ్గితే డీజిల్‌కి జారుడు గుణం తగ్గి పంపు అరిగిపోతుందని చాలామంది 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలుపుతున్నారు. నిజానికి ఆ గుణాన్నిచ్చేది గంధకం కాదు. గంధకం తీసే శుద్ధిలో పోయిన ఆ గుణం కోసం ముందే మందు కలిపాకే డీజిల్ బంకుకొస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న ఇంజన్లో ఆ ఆయిల్ బూడిద ఫిల్టరును పూడ్చేస్తుంది.