వడగళ్ళకి రేకులు పోయాయి, అన్నీ మార్చాలా?

ప్రశ్న: మొన్నటి వడగళ్ళ వానకి మా మేడ మీద సిమెంటు రేకులకి అక్కడక్కడా చిల్లులు పడ్డాయండీ, గది ఇరవై బై ఇరవై, మేస్త్రీ వచ్చి చూసి మొత్తం తీసేసి కలర్ రేకులు వేద్దాం 65 వేలు అవుతుంది అంటున్నాడు. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, 400 అడుగులకి 65 వేలంటే అడుగుకి 160 పైమాటే, కింద ఇనప పైపులు బాగుండి వాటినే వాడుకుంటుంటే మాత్రం నాకైతే ఎక్కువనే అనిపిస్తోంది. అందులో రేకుకెంత, కూలికెంత, జీఎస్టీ కలిపాడా లేదా, రేకు మందం ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు (పని సగంలో ఉన్నప్పుడే రేటు పెరుగుతుంది మరి!). రేకు మీద రేకు ఎక్కాలి కాబట్టి 400 కంటే కాస్త ఎక్కువే కొనాల్సొస్తుంది, అది మోసం కాదు.

చిల్లులు రెండు మూడు రేకులకే ఉంటే వాటినే మార్చండి. కానీ మధ్యాహ్నం గదిలో లైటు ఆపేసి పైకి చూడండి, సన్నగా వెలుతురు గీత కనిపిస్తే అక్కడ కూడా పగులున్నట్టే.

పాతవి ఆస్బెస్టాస్ రేకులైతే సుత్తితో పగలగొట్టనివ్వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, నీళ్ళతో తడిపి, హుక్కులు విప్పి నిండు రేకులుగానే దింపించండి. ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా? ఉంటే ఏదీ కదపకముందే ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చేయండి.