134 నిజమా, 118 నిజమా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. బాబుకి ఐదున్నరేళ్లు. మూడేళ్లకే దేశాల జెండాలన్నీ గుర్తుపట్టేవాడు. ఒక సెంటర్‌లో ఐక్యూ టెస్టు చేయిస్తే 134 వచ్చింది. మావారు పొంగిపోయి బంధువులందరికీ ఫోన్లు చేశారు. వాళ్లమ్మగారి దగ్గర నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే. ఆరు నెలల తర్వాత ఇంకోచోట చేయిస్తే 118 అన్నారు. "తల్లి పోలికే వచ్చినట్టుంది" అన్నారు అత్తగారు. మావారు పక్కనే ఉండి ఏమీ అనలేదు. మా తోటికోడలు డాక్టరు. నేను బాబు కోసం ఉద్యోగం మానేశాను. ఇప్పుడు టెస్టు అంటేనే వాడికి కడుపునొప్పి వస్తోంది. తప్పు చెబితే నాన్న మాట్లాడడా అని అడుగుతున్నాడు. ఊరికే లిఫ్టులో 12 తర్వాత 14 ఎందుకుందంటూ ప్రాణం తీస్తాడు, చదవమంటే మాత్రం చదవడు. మూడో టెస్టుకి అడ్వాన్స్ కట్టాను. ఏ రిపోర్టు నమ్మాలి?
- ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరడిగినదానికి ముందు చెప్పేసి పక్కన పెడతాను. రెండు రిపోర్టుల్లో ఏదీ అబద్ధం కానక్కర్లేదు. ఆ రోజు, ఆ గదిలో, ఆ ప్రశ్నలకి మీవాడు ఎలా జవాబు చెప్పాడన్నదే ఆ అంకె. ఈ టెస్టుల్లో సగటు 100. 118 వచ్చిన పిల్లవాడు తన ఈడు పిల్లలు 100 మందిలో సుమారు 88 మంది కంటే ముందున్నట్టు లెక్క. దీనికా మీ ఇంట్లో ఇంత ఏడుపు?

ఐక్యూ టెస్టుల్లోనూ రకాలున్నాయి, ఒకచోట బినే-కామత్ అనేది పెట్టి, ఇంకోచోట వెక్స్‌లర్ అనేది పెడితే అంకెలు కలవకపోవచ్చు. ఒకే టెస్టు మళ్లీ పెట్టినా కొన్ని పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. ఐదారేళ్ల పిల్లలకి మరీ ఎక్కువ తేడా వస్తుంది. నిద్ర చాలకపోయినా, ఎదురుగా కూర్చున్నవాళ్లు కొత్తయినా, భయం వేసినా స్కోరు పడిపోతుంది. మీవాడికి ఇప్పుడు టెస్టు అంటేనే కడుపునొప్పి వస్తోందంటున్నారు. పైగా మాటల అర్థాలు అడిగే భాగం ఇంగ్లీషులో పెట్టి ఉంటే, ఇంట్లో తెలుగు, కింద ఆటల్లో కన్నడ మాట్లాడే పిల్లవాడి ఇంగ్లీషునే అది ఎక్కువగా కొలిచి ఉంటుంది.

అసలు ఈ పరీక్షలు గొప్పవాళ్లని ఏరడానికి పుట్టలేదు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి వీటిని తయారుచేసింది బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించి సాయం అందించడానికి. తెలివి పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయే సరుకు అన్న వాదనని బినే ఒప్పుకోలేదు. తర్వాత అమెరికాలో లూయిస్ టెర్మన్ ఎక్కువ స్కోరున్న పిల్లల్ని ఎంపిక చేసి ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆ ఎంపికలో స్కోరు చాలక మిగిలిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, 1956లో ఒకరు, 1968లో ఇంకొకరు.

ఇక మీవాడి లిఫ్టు సంగతి. దాన్ని మీరు ఫిర్యాదులా రాశారు, నాకు ఉత్తరం మొత్తంలో సంతోషం కలిగించింది అదే. రోజూ అందరూ నొక్కే బటన్లలో ఒక అంకె లేదని ఆ పసివాడు పట్టుకున్నాడు, పట్టుకుని వదలడం లేదు. జెండాలు ఎవరైనా బట్టీ పట్టించవచ్చు. ఈ కుతూహలం మాత్రం ఎవరూ నేర్పలేదు. కొందరు 13ని అపశకునం అనుకుంటారని, అందుకే ఆ అంకె పెట్టరని చెప్పండి. మరి 14లో ఉన్నవాళ్లు నిజంగా 13లో ఉన్నట్టేగా అంటాడు, చూడండి. అప్పుడు వాడితో కూర్చుని మాట్లాడండి. డబుల్ ప్రమోషన్లు, కోచింగ్‌లు ఇప్పుడేమీ వద్దు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన విషయానికి వస్తాను. అది మీ అబ్బాయి తెలివి కాదు, మీ ఆయన మౌనం. అత్తగారు ఒక మాట అన్నారు. పెద్దావిడ, నోరు అలాంటిది అనుకుందాం, ఆవిడని మార్చడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. తోటికోడలు డాక్టరైతే అది ఆవిడ కష్టం, ఆవిడ మీకేమీ చేయలేదు. కానీ మిమ్మల్ని పెళ్లి చేసుకుని తీసుకొచ్చిన మనిషి పక్కనే ఉండి, మీ పుట్టుకని, మీ బుర్రని తక్కువ చేస్తుంటే తలదించుకుని కూర్చున్నాడు. స్కోరు వచ్చిన రోజు మెచ్చుకున్నాడు, తగ్గిన రోజు వదిలేశాడు. అంటే ఆ ఇంట్లో మీ విలువ ఐదేళ్ల పిల్లవాడు తెచ్చే అంకె మీద నిలబడింది. ఆ సంగతి పిల్లవాడికి మీకంటే ముందే తెలిసిపోయింది, అందుకే కడుపునొప్పి. భార్యని ఇంటివాళ్ల ముందు నిలబెట్టడం భర్త చేయాల్సిన పని. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మీరూ ఒకటి ఒప్పుకోవాలి. మూడో టెస్టుకి డబ్బు కట్టింది బాబు కోసం కాదు, అత్తగారికి చూపించడానికి. మీ గౌరవాన్ని గెలిపించే పని ఆ చిన్న వెన్నుమీద పెట్టకండి.

పిల్లాడు నిద్రపోయాక మీవారితో మాట్లాడండి. ఏడవకుండా, పాత లెక్కలు తవ్వకుండా, "ఆ రోజు మీరు మాట్లాడకపోవడం నన్ను కోసేసింది, ఇంకోసారి అలా అంటే మీరే ఆపాలి" అని చెప్పండి. ఆయన వాళ్లమ్మతో గొడవ పడనక్కర్లేదు. "అమ్మా, ఆ మాట అనకు" అంటే చాలు. అదీ చేయలేనంటే, అత్తగారికి మీరే మర్యాదగా చెప్పండి, "ఇకమీదట బాబు మార్కుల గురించి మనం మాట్లాడుకోవద్దత్తయ్యా" అని. ఉద్యోగం మళ్లీ చూసుకోవాలనిపిస్తే చూసుకోండి, దానికి ఎవరి స్కోరూ అక్కర్లేదు.

కడుపునొప్పి తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. బడిలో చదవడం, రాయడం నిజంగా కష్టమవుతోందని టీచర్ అంటే మీ బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, అప్పుడు పరీక్ష వాడికి ఉపయోగపడుతుంది. అప్పటిదాకా మూడో టెస్టు రద్దు చేసుకోండి. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వకపోయినా సరే.