టెక్ సందేహాలు: బండి మీ పేరు మీద, తాళం ఎవరి ఫోన్‌లో?

డబుల్ క్యాబ్ డీజిల్ పికప్‌కి డబ్బు సిద్ధం చేసుకున్నాను. డాలస్‌లో ఉండే మా బావ ఎలక్ట్రిక్ పికప్ నడుపుతున్నాడు. ‘డీజిల్ రోజులు అయిపోయాయి, ఆగు’ అంటున్నాడు. నాకు రోజూ ఆఫీసు, అప్పుడప్పుడు శ్రీశైలం. ఆగాలా? – నిజాంపేట

మీ బావగారు నడిపే తరహా పెద్ద ఎలక్ట్రిక్ పికప్ ప్రస్తుతానికి మన షోరూముల్లో లేదు. ఇక్కడ దొరికేవి సరుకు రవాణాకు చేసిన చిన్న బండ్లు. అయినా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ప్రతివారం వస్తోంది కాబట్టి చెబుతాను.

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల (కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే) శక్తి ఉంటుంది. 76 లీటర్ల ట్యాంకు నింపితే 760 యూనిట్లు. ఇంజిన్ దాంట్లో మూడింట రెండు వంతులు వేడిగా వదిలేసినా చక్రాలకు 250 దాకా మిగులుతుంది. అమెరికా ఎలక్ట్రిక్ పికప్‌ల బ్యాటరీ దాదాపు 100 యూనిట్ల నుంచి, కొన్నింట్లో 200 దాకా. మోటారు వృథా చేసేది చాలా తక్కువ. అందుకే మీరు వేసే బరువు, ఎదురుగాలి నేరుగా రేంజ్‌లో (ఒక ఛార్జ్‌కి నడిచే దూరంలో) కనిపిస్తాయి. పెద్ద ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోతుందని అక్కడివాళ్లు మొత్తుకునేది ఇందుకే. ఖాళీగా నడిపేవాళ్లకు ఈ బాధ లేదు.

శ్రీశైలం దారిలో ఇంకో చిక్కుంది. అడవి కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 దాటితే బండ్లను వదలరు. సాయంత్రం బయల్దేరి దారిలో ఛార్జర్ దగ్గర గంట క్యూలో నిలబడితే ఆ రాత్రి అక్కడే.

అలాగని డీజిల్‌కి ఓటెయ్యను. బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే పొగ బాగా వేడెక్కాలి. నిజాంపేట నుంచి హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో పాకే బండికి ఆ వేడి రాదు. ఆ ఫిల్టరు హెచ్చరిక లైటు వెలిగాక సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది ఇలా ఆఫీసుకి తిప్పేవాళ్లే. డీజిలే కొంటే మాత్రం అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి అరగంటసేపు ఒకే వేగంతో నడపండి. మీ అవసరానికైతే అసలు పికప్పే వద్దంటాను. మామూలు ఎలక్ట్రిక్ కారు చాలు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా దానికి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు.

బాటసింగారం మార్కెట్‌కి పండ్లు వెయ్యడానికి సెకండ్‌హ్యాండ్‌లో చిన్న ఎలక్ట్రిక్ పికప్ కొన్నాను. ఆర్సీ నా పేరు మీదికి మారింది. కానీ యాప్‌లో బండి నాకు రావడం లేదు, ‘ఇప్పటికే నమోదైంది’ అంటోంది. మొన్న రాత్రి షెడ్డులో ఉన్న బండి దానంతటదే లాక్ అయింది. షార్ట్ సర్క్యూటా? – హయత్‌నగర్

షార్ట్ సర్క్యూట్ అయ్యే అవకాశం చాలా తక్కువ. పాత ఓనరు ఫోన్‌లో మీ బండి ఇంకా ఉంది. ఆయనో, ఆయన దగ్గర పనిచేసిన డ్రైవరో యాప్ తెరిచి నొక్కి ఉంటారు. ఇల్లు అమ్మి ఒక తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లినట్టే ఇది. బండి ఎక్కడుందో, ఎప్పుడు కదిలిందో, ఛార్జింగ్ ఎంతుందో ఆయనకు కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో బండి స్టార్ట్ కాకుండా ఆపెయ్యొచ్చు కూడా. తెల్లవారుజామున సరుకు కొనడానికి నగదుతో వెళ్లే వ్యాపారికి ఇదెంత ప్రమాదమో వేరే చెప్పాలా?

స్క్రీన్‌లో రీసెట్ కొడితే పోతుందనుకోకండి. నగర శివార్లలో పాత బండ్లు అమ్మే ఒక షెడ్డులో నేనే చూశాను. రీసెట్ చెయ్యని బండి స్క్రీన్ మీద ‘హోమ్’ నొక్కితే పాత ఓనరు ఇంటికి దారి గీసింది. కాంటాక్ట్స్‌లో ‘అమ్మ’, ‘బ్యాంక్ మేనేజర్’, ‘చిట్టీ’ అన్నీ ఉన్నాయి. అక్కడే రీసెట్ చేయించాను, అవి పోయాయి. యాప్‌లో మాత్రం బండి అలాగే ఉంది. ఎందుకంటే ఓనరు ఎవరన్నది కంపెనీ సర్వర్‌లో ఛాసిస్ నంబరుకి ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పాల్సింది అక్కడ.

మీరు చెయ్యాల్సింది: పాత ఓనరుని మీ ఎదురుగా యాప్‌లో బండిని తీసెయ్యమనండి. ఆయన దొరక్కపోతే ఆర్సీ కాపీ, మీ గుర్తింపు కార్డుతో సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఖాతా మీ చేతికొచ్చాక డిజిటల్ తాళాల జాబితా తెరిచి, మీకు తెలియని ప్రతి ఫోన్‌నీ తొలగించండి. ఇకముందు కొనేవాళ్లు ఈ పని డబ్బు ఇచ్చే ముందే పూర్తి చేయించుకోండి.

డ్రైవరుకి మీ సొంత ఓటీపీ చెప్పి లాగిన్ చేయించే అలవాటు మీకుంటే ఈ రోజే మానండి. మీ యాప్‌లో డ్రైవరుకి వేరే తాళం ఇచ్చే వీలుంటే అదే ఇవ్వండి. అతను మానేసిన రోజే తీసెయ్యండి.

డీజిల్ వాళ్లు ఇది మాది కాదని పేజీ తిప్పెయ్యకండి. ఇప్పుడొచ్చే చాలా డీజిల్ బండ్లలోనూ సిమ్ ఉంది, యాప్ ఉంది. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద పోతున్న బండిని ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా నెమ్మదింపజేశారు. ఆ దెబ్బకి 14 లక్షల బండ్లను వెనక్కి పిలిపించారు. అవేవీ ఎలక్ట్రిక్‌వి కావు. 2024 చివర్లో జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు అమ్మిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం క్లౌడ్‌లో ఎవరైనా చూడగలిగేలా పడి ఉందని బయటపడింది. వాటిలో సగానికి పైగా బండ్లు ఎక్కడ ఆగాయో కచ్చితంగా తెలిసిపోతోంది. అక్కడ ఓనర్ల తప్పేమీ లేదు.

ఓనరు మారితే ఏం చెయ్యాలో స్క్రీన్ మీద ఒక్క బటన్ పెట్టి చెప్పడం కంపెనీలకు కష్టమా? సీటు చల్లబరచడానికి మూడు బటన్లు పెడతారు. మనదేశంలో బండ్లు చేతులు మారడం కొత్తేమీ కాదు. డిజైన్ చేసినవాళ్లకి ఆ సంగతి తట్టకపోవడం నిర్లక్ష్యమే.

అప్‌డేట్ వేశాక నా ఎలక్ట్రిక్ పికప్ రేంజ్ 15 కిలోమీటర్లు తగ్గింది. బ్యాటరీ పోయినట్టేనా? – జీడిమెట్ల

టెన్షన్ పడకండి. స్క్రీన్ మీది రేంజ్ ఒక అంచనా మాత్రమే, అప్‌డేట్‌తో ఆ అంచనా వేసే పద్ధతి మారి ఉండొచ్చు. ఒకే దారిలో, ఒకే బరువుతో కిలోమీటరుకి ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో కొన్నాళ్లు రాసుకోండి. అది పెరగకుండా, ఫుల్ ఛార్జ్‌కి పట్టే యూనిట్లు బాగా తగ్గితే అప్పుడు వారంటీ గురించి మాట్లాడండి.

నాకు కోపం తెప్పించేది ఆ అప్‌డేట్ నోటు. ‘పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. బ్రేకుల ప్రవర్తన మార్చారా, ఛార్జింగ్ వేగం తగ్గించారా, చెప్పరు. సరుకు బండిని 15 ఏళ్లు తిప్పుతాం మనం. 2022లో అమెరికాలో 3జీ ఆపేసినప్పుడు, దాని మీద ఆధారపడ్డ పాత కార్లలో రిమోట్ సేవలు మూగబోయాయి. 2024లో అక్కడే ఒక ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ దివాలా తీస్తే, అప్‌డేట్లు ఇకమీదట ఎవరిస్తారో తెలియక ఓనర్లే సంఘం పెట్టుకున్నారు. వాళ్ల బండ్లు అప్పటికింకా కొత్తవే.

అందుకని డీజిలైనా ఎలక్ట్రికైనా కొనేముందు డీలరుని ఇవి అడగండి: యాప్ సేవలు ఎన్నేళ్లు ఉచితం? ఆ తర్వాత ఏడాదికి ఎంత? సిగ్నల్ లేకపోయినా, ఫోన్ పోయినా బండి తెరుచుకుని స్టార్ట్ అవుతుందా? భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు? నోటిమాటతో ఊరుకోకండి, జవాబులు ఆర్డరు ఫారం మీదే రాయించుకుని స్టాంపు వేయించుకోండి.