మా అబ్బాయి బాస్కెట్‌బాల్‌లో మంచి షూటర్. చదువు ఆపించవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయి డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అన్నిటికంటే పై స్థాయి) కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతూ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఈ సీజన్‌లో త్రీ పాయింటర్లు (దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 64 వేస్తే 26 పడ్డాయి, అంటే 41 శాతం. ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే అడ్డు లేకుండా వేసే షాట్లు) 56కి 38. చదువు ఆపేసి పూర్తిగా షూటింగ్ మీదే ఉంటానంటున్నాడు. వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అంకెలతో సహా రాశారు, చాలా సంతోషం. “బాగా ఆడతాడండీ” అని మాత్రమే రాస్తే నేను ఏమీ చెప్పలేను. మీరు రాసిన అంకెల్లోనే సగం జవాబు ఉంది.

ముందు ఆ 41 శాతం సంగతి. పడిన 26 బంతుల్లో ఓ నాలుగు రింగు అంచున తిరిగి బయటపడ్డాయనుకోండి. 22 అవుతాయి, శాతం 34కి దిగుతుంది. అదే కుర్రాడు, అదే చేయి. కాబట్టి 64 బంతులు చూసి షూటర్ అని సంబరపడనూ కూడదు, కాదని కొట్టిపారేయనూ కూడదు.

నన్ను ఆపింది ఫ్రీ త్రోలు. 15 అడుగుల దూరం, ఎదురుగా అడ్డం వచ్చేవాడు లేడు, తొందర లేదు. చేతి తీరు ఉన్నదున్నట్టు బయటపడేది అక్కడే. అందుకే కాలేజీ కుర్రాడు రేపు ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) త్రీలు ఎలా వేస్తాడో అంచనా కట్టేవాళ్లు ఫ్రీ త్రోల శాతాన్ని గట్టిగా చూస్తారు. మీవాడిది 68. పేరున్న షూటర్లకు 80 దాటి ఉంటుంది.

ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఏటా జరుగుతుంది; 2011 డ్రాఫ్ట్ గురించి బాబును అడగండి, తెలిసే ఉంటుంది. ఆ ఏడాది బీవైయూలో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) జిమ్మర్ ఫ్రెడెట్ మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లతో కాలేజీల్లో దేశం మొత్తానికీ మొదటివాడు. డ్రాఫ్ట్‌లో 10వ స్థానంలో వెళ్లాడు. శాన్ డియేగో స్టేట్ నుంచి కవాయ్ లెనర్డ్ 15వ స్థానంలో వెళ్లాడు. కాలేజీలో ఉన్న రెండేళ్లలో లెనర్డ్ వేసిన త్రీలలో పడింది పావు వంతే. కానీ ఫ్రీ త్రోలు నాలుగింట మూడు పడేవి. లెనర్డ్ చేరిన ఎన్‌బీఏ జట్టు స్పర్స్‌లో షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ అతను బంతి వదిలే తీరును సరిచేశారు. మొదటి ఎన్‌బీఏ సీజన్లోనే త్రీలు 37 శాతం దాటాయి. మరి ఫ్రెడెట్? ఎన్‌బీఏలో అతని త్రీలు కూడా 37 శాతం దాకా పడ్డాయి. అయినా అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. కాలేజీలో బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది, తనకు కావలసిన షాట్ తను తయారు చేసుకునేవాడు. ఎన్‌బీఏలో అంత సేపు బంతి చేతికి రాలేదు, డిఫెన్స్‌లో ఎదుటి జట్టు వేగమైన గార్డుల (బంతి నడిపే ఆటగాళ్ల) వెంట పరుగెత్తలేకపోయాడు. తర్వాత చైనాలో షాంఘై జట్టుకు పెద్ద స్టార్ అయ్యాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 3x3 (జట్టుకు ముగ్గురు ఆడే బాస్కెట్‌బాల్) ఆడాడు. అదీ గౌరవమైన జీవితమే. కానీ చేయి బాగుంటే చాలు అనుకునే కుర్రాళ్లందరికీ నేను ఈ కథే చెప్తాను.

దూరం సంగతికొస్తే, కాలేజీలో త్రీ పాయింటర్ గీత 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాలు, ఎన్‌బీఏది మూలల్లో తప్ప 23 అడుగుల 9 అంగుళాలు. అడుగున్నర పైచిలుకు తేడా సాధనతో వచ్చేస్తుంది. రానిది సమయం. కాలేజీలో షాట్ క్లాక్ (జట్టు షాట్ వేసేయాల్సిన గడువు) 30 సెకన్లు, ఎన్‌బీఏలో 24. మీద పడే డిఫెండర్ చేతులు పొడవు, అడుగులు వేగం.

మీరొక పని చేయండి. బాబు మ్యాచ్ వీడియో పెట్టుకుని, పాస్ అతనికి అందే క్షణంలో ఆపండి. పాదాలు అప్పటికే బుట్ట వైపు తిరిగి, మోకాళ్లు వంగి సిద్ధంగా ఉన్నాయా? లేక బంతి పట్టుకున్నాక అడుగులు సర్దుకుంటున్నాడా? పట్టిన బంతిని నడుము దాకా దించి మళ్లీ పైకి తెస్తున్నాడా? అరక్షణం అక్కడే పోతుంది. కాలేజీలో ఆ అరక్షణం దొరుకుతుంది. పైన ఆ లోపు డిఫెండర్ చెయ్యి మొహం మీదికి వచ్చేస్తుంది.

షాట్ తీరు మార్చాల్సి వస్తే సీజన్ మధ్యలో వద్దు, వేసవిలోనే. ఎన్‌బీఏలో పేరుమోసిన షూటర్ స్టీఫెన్ కరీ హైస్కూల్లో ఉన్నప్పుడు బంతిని నడుము దగ్గర నుంచి విసిరేవాడు. ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడిన వాళ్ల నాన్న డెల్ కరీ, ఒక వేసవి మొత్తం పట్టుబట్టి దాన్ని తల పైకి మార్పించారు. ఆ నెలల్లో అతను దూరం నుంచి వేయలేకపోయేవాడు. బాబు శాతం కూడా కొన్నాళ్లు పడిపోతుంది. అప్పుడు ఇంట్లో ఎవరూ “మేం ముందే చెప్పాం” అనకండి, దయచేసి.

ఇక చదువు. ఆపించకండి. డివిజన్ 1లో ఆడాలంటే విద్యార్థిగా ఉండాల్సిందే కదా. చదువు వదిలితే జట్టు, కోచ్, జిమ్ అన్నీ పోతాయి. డంకన్ రాబిన్సన్ అనే షూటర్ కింది స్థాయి అయిన డివిజన్ 3లో ఉన్న విలియమ్స్ కాలేజీలో మొదలుపెట్టి, మిషిగన్‌కు మారి, ఐదేళ్లు కాలేజీలోనే గడిపాడు. 2018 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఎన్‌బీఏ జట్టు మయామీ అతన్ని తీసుకుని టూ వే కాంట్రాక్టు (ప్రధాన జట్టుకూ, దాని కింది లీగ్ జట్టుకూ ఆడే ఒప్పందం) ఇచ్చింది. 2019-20లో 270 త్రీలు కొట్టాడు, 44 శాతం పైనే. డిగ్రీ పూర్తి చేసే ఈ రెండేళ్లు మీవాడికి నష్టం కాదు, అతనికి కావలసిన సమయం అదే. సబ్జెక్టులు ఎక్కువైతే అకడమిక్ అడ్వైజర్‌తో మాట్లాడి కొన్ని వేసవికి మార్చుకోనివ్వండి.

వాళ్ల నాన్నగారికి కూడా ఒక మాట. “ఆటలు కూడు పెడతాయా” అనే ప్రశ్న పక్కన పెట్టి, ఒక్కరోజు ప్రాక్టీసు అయిపోయే వేళకు జిమ్‌కు వెళ్లి కూర్చోండి. అలసిపోయి, చెమటతో, కాళ్లు లాగుతుండగా బాబు 100 ఫ్రీ త్రోలు వేయాలి. మీరు లెక్క రాయండి. వెళ్లలేని రోజున బాబే రాసుకుంటాడు. మూడు నెలల్లో ఆ లెక్క 80 దగ్గర నిలబడితే ప్రొఫెషనల్ ఆట గురించి, యూరప్ జట్లతో సహా, వివరంగా మాట్లాడుకుందాం. 68 దగ్గరే ఉంటే ముందు చేతి తీరు చూసే కోచ్‌ను వెతుకుదాం. ఆగస్టులో ఆ నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి నాకు పంపండి.