చెయ్యి, పిడికిలి వచ్చే ఇంగ్లిష్ జాతీయాల్లో మనం ఎక్కడ తడబడతామంటే

హ్యాండ్, ఫిస్ట్ అన్న మాటలున్న ఇంగ్లిష్ జాతీయాలు చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటాయి, పరీక్షలో నాలుగు ఆప్షన్లు చూడగానే అన్నీ కలగాపులగమైపోతాయి, ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు.

బట్టీ పడితే నిలవవు. తెలుగులో చేతి మీద బోలెడు పలుకుబళ్లున్నాయి కాబట్టి, ఇంగ్లిష్ మాట కనబడగానే మనసు వాటి మీదికే పోతుంది. ‘చెయ్యిచ్చాడు’ అంటే మనకు నమ్మించి ముంచాడని. ‘గివ్ మి ఎ హ్యాండ్’ అంటే మాత్రం కాస్త సాయం పట్టమని. ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అని మైకులో అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని. ఆ ‘ఎ’ తీసేసి ‘యువర్’ పెడితే నిజంగానే చెయ్యి చాపమన్నట్టు.

ఎక్కువమంది తప్పు చేసేది ‘హ్యాండ్ ఓవర్ ఫిస్ట్’ దగ్గర. ‘హ్యాండ్ ఓవర్’ అంటే అప్పగించడమని ముందే తెలుసు కదా, అందుకని పిడికిలి అప్పగించడమేదో అనుకుంటారు. అలా విడదీయకూడదు. ఇది ఓడల మీద పుట్టిన మాట. నావికుడు తాడు పట్టుకుని పైకి ఎగబాకడం ఊహించుకోండి: ఒక చెయ్యి తాడును పిడికిలి బిగించి పట్టుకుంటుంది, రెండో చెయ్యి విప్పారి ఆ పిడికిలి మీదుగా పైకి వెళ్లి తాడందుకుంటుంది, వెంటనే అదీ పిడికిలవుతుంది. ఆగకుండా, చకచకా. ఆ వేగమే డబ్బుకు అంటుకుంది. ‘దే ఆర్ మేకింగ్ మనీ హ్యాండ్ ఓవర్ ఫిస్ట్’ అంటే రెండు చేతులా సంపాదిస్తున్నారని. అయితే ‘లూజింగ్ మనీ హ్యాండ్ ఓవర్ ఫిస్ట్’ అని నష్టానికీ అంతే సహజంగా వాడతారు. అందుకని ఆప్షన్లలో ‘లాభం’, ‘త్వరగా, పెద్ద మొత్తంలో’ రెండూ ఉంటే రెండోదే సరైనది. మధ్యలో ‘హిజ్’, ‘దైర్’ లాంటివి దూర్చకండి.

పిడికిలితో వచ్చే మిగతావి తేలిక. ‘టైట్‌ఫిస్టెడ్’ అంటే ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ‘హ్యామ్‌ఫిస్టెడ్’ని కోపిష్ఠి అని రాసేవాళ్లున్నారు, కాదు. హ్యామ్ అంటే పంది తొడ మాంసం. అంత మొద్దు చేతులతో సున్నితమైన పని చేస్తే ఎలా ఉంటుందో అలా, మోటుగా, చెడగొట్టేలా అని అర్థం. అమెరికన్లు ‘హ్యామ్‌హ్యాండెడ్’ అని కూడా అంటారు. ‘ఐరన్ ఫిస్ట్’కి మన పత్రికల్లో చక్కటి మాటుంది, ‘ఉక్కుపాదం’. అక్కడ పిడికిలి, ఇక్కడ పాదం, అణచివేత ఒకటే.

‘హ్యాండ్ ఇన్ హ్యాండ్’, ‘హ్యాండ్ ఇన్ గ్లవ్’ ఒకటే అనుకుంటే మాత్రం పరువు పోతుంది. మొదటిది చేయీ చేయీ కలిపి సాగడం. రెండోదానికి ఇవాళ ఎక్కువగా కుమ్మక్కు అనే అర్థమే వస్తోంది. ‘మా కాలేజీ పోలీసులతో హ్యాండ్ ఇన్ గ్లవ్ పనిచేసింది’ అని మెచ్చుకుంటూ రాస్తే, లోపాయికారీ ఒప్పందం ఏదో ఉందని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

ఇక చిన్న మాటల తేడాలు. మార్కులు పోయేది వీటి దగ్గరే. ‘ఇన్ హ్యాండ్’ అంటే అదుపులో ఉంది, లేదా చేతిలో మిగిలి ఉంది. ‘ఆన్ హ్యాండ్’ అంటే అవసరానికి అందుబాటులో ఉంది. ‘ఎట్ హ్యాండ్’ అంటే దగ్గర్లో ఉంది, కాలానికీ చెల్లుతుంది. ‘ఔట్ ఆఫ్ హ్యాండ్’కి రెండు దారులు: ‘గెట్’ తో వస్తే చెయ్యి దాటిపోవడం, ‘రిజెక్ట్’ తో వస్తే ఆలోచించనైనా ఆలోచించకుండా తోసిపుచ్చడం. ‘వాష్ యువర్ హ్యాండ్స్’ పక్కన ‘ఆఫ్’ (of) ఉంటేనే బాధ్యత వదిలించుకోవడం, లేకపోతే సబ్బు పెట్టి కడుక్కోవడమే. బైబిల్లో రోమన్ గవర్నర్ పిలాతు, యేసు మరణానికి తాను బాధ్యుణ్ణి కాదంటూ జనం ముందు చేతులు కడుక్కున్న ఘట్టాన్ని గుర్తు చేసే మాట ఇది.

కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాటా బైబిల్లోదే, మత్తయి 6:3. మనం దానగుణానికి వాడతాం. ఇంగ్లిష్ ఆఫీసుల్లో ‘ది లెఫ్ట్ హ్యాండ్ డజంట్ నో వాట్ ది రైట్ హ్యాండ్ ఈజ్ డూయింగ్’ అంటే తిట్టు. ఒక విభాగం చేసేది ఇంకో విభాగానికి తెలియదని.

‘రెడ్ హ్యాండెడ్’ మనకు ఏసీబీ వార్తల్లో బాగా అలవాటు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి, లంచం తీసుకున్న చేతిని సోడియం కార్బనేట్ ద్రావణంలో ముంచితే ఆ ద్రావణం గులాబీ రంగుకు మారుతుంది. జాతీయం పుట్టింది దీన్నుంచి అనుకోకండి. అది పాత స్కాట్లాండ్ చట్టభాషలోది, హంతకుడి చేతికి ఇంకా ఆరని నెత్తురు. వాడేటప్పుడు ‘కాట్ రెడ్ హ్యాండెడ్’ అంటే చాలు. ‘రెడ్ హ్యాండెడ్లీ’, ‘విత్ రెడ్ హ్యాండ్స్’ రెండూ తప్పే.